చూపు ఎటు మళ్ళుతోంది?

పిల్లవాడు చదువులో మనసు నిలపడం లేదని తెలిసినప్పుడు తల్లిదండ్రులు సాధారణంగా రెండు మార్గాల్లో ఏదో ఒకటి ఎంచుకుంటారు. సోమరి అని మందలిస్తారు, లేదా వయసుతోపాటు అదే సర్దుకుంటుందని ఊరుకుంటారు. మూడో మార్గం కూడా ఉంది. ఏకాగ్రత ఎప్పుడు, దేనివల్ల చెదురుతోందో ఓపికగా తెలుసుకోవడమే అది.

ఈ పరిశీలనకు 1956 నాటి నుంచి ఒక పరీక్ష ఉంది. అక్షరాలు ఒకదాని వెంట ఒకటి కనిపిస్తుంటాయి. నిర్ణీత అక్షరం వచ్చినప్పుడు మాత్రమే మీట నొక్కాలి. అయితే నిశ్శబ్దమైన గదిలో జరిగే పరీక్షకూ, సందడిగా ఉండే తరగతికీ పోలిక తక్కువ.

ఈ లోటు తీర్చడానికి అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ రిజ్జో బృందం వర్చువల్ రియాలిటీతో ఒక తరగతి గదిని రూపొందించి, 2000లో దాని వివరాలు ప్రచురించింది. కళ్ళకు పరికరం తగిలించుకున్న బాలుడికి నల్లబల్ల, ఉపాధ్యాయురాలు, తోటి పిల్లలు కనిపిస్తారు. బల్లపై 'ఏ' వెంట 'ఎక్స్' వచ్చినప్పుడు మీట నొక్కాలి. ఇంతలో కాగితపు విమానం ఎగురుతుంది, కిటికీ బయట వాహనం వెళుతుంది. ఎన్ని వదిలేశాడు, ఎన్నిసార్లు తొందరపడ్డాడు, తల ఎంత కదిలించాడు అన్నీ నమోదవుతాయి. వదిలేయడం పరధ్యానాన్ని సూచిస్తే, తొందరపడటం నిగ్రహ లోపాన్ని సూచిస్తుంది. రెండింటినీ 'అల్లరి' అనే ఒక్క మాటతో కొట్టిపారేయలేం.

ఫిన్లాండ్ పరిశోధకులు 'ఎపెలి' అనే ఆటలో తరగతికి బదులు ఇంటినే చూపించారు. చెప్పిన పనులు గుర్తుంచుకొని, చుట్టూ ఎన్ని ఆకర్షణలున్నా వాటిని పూర్తి చేయాలి.

అయినా పరికరమే తీర్పు చెప్పలేదు. నిద్రలేమి, చూపు లేదా వినికిడి లోపం, మనసులోని భయం కూడా ఫలితాన్ని దిగజార్చగలవు. కొత్త పరికరం మీది ఉత్సాహం వల్ల కాసేపు ఏకాగ్రత పెరగనూ వచ్చు. ఏడీహెచ్‌డీ అని నిర్ధారించాలంటే లక్షణాలు కనీసం 6 నెలలుగా ఉండాలి. వాటిలో కొన్ని 12 ఏళ్ళ లోపే మొదలై, రెండు లేదా అంతకంటే ఎక్కువ చోట్ల కనిపించాలి. బడిలో మాత్రమే కనిపించి, ఇంట్లోనూ మక్తబ్‌లోనూ కనిపించని ఇబ్బందికి కారణం ఆ బడిలోనే ఉండవచ్చు.

కాబట్టి నిపుణుల వద్దకు వెళ్ళేముందు రెండు వారాలపాటు గమనించి రాసుకోండి. ఏ పని మధ్యలో ఆగింది? ఎంతసేపటికి? ఆ రాత్రి ఎంత నిద్రపోయాడు? ఏ పనిలో మాత్రం మనసు నిలిచింది? అల్లరి చేయకుండా కిటికీ వైపు చూస్తూ కూర్చునే అమ్మాయిని మరింత శ్రద్ధగా గమనించండి. ఎవరినీ ఇబ్బంది పెట్టదు కనుక ఆమె కష్టం ఎవరి దృష్టికీ రాదు. వేల రూపాయల పరికరం కొన్ని నిమిషాలు మాత్రమే చూడగలదు. ఏళ్ళ తరబడి చూస్తున్నది మీరే. ఆ చూపులో నింద తగ్గితే బిడ్డ తన ఇబ్బందిని తానే చెప్పుకోగలుగుతుంది.