పాలపళ్లలో దొరికిన సీసం

ఏటా ఒకసారి పేపర్లో ఈ వార్త చూస్తూనే ఉంటాం. ప్రపంచంలోని అగ్రశ్రేణి 2 శాతం శాస్త్రవేత్తల్లో మన ప్రొఫెసర్లకీ చోటు దక్కిందని. పక్కనే వరసగా ఫొటోలు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జాన్ అయోనిడిస్ బృందం తయారుచేసే జాబితా అది. మనవాళ్లుంటే సంతోషమే. కానీ వాళ్లేం కనిపెట్టారో, దానివల్ల ఎవరికి ఏం ఒరిగిందో వార్తలో ఒక్క ముక్క కనపడదు. ఎన్ని పరిశోధన పత్రాలు, ఎన్ని సైటేషన్లు... అంతే!

సైటేషన్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. ఒకరి పత్రాన్ని మరొకరు తమ పత్రంలో ప్రస్తావిస్తే అదొక సైటేషన్. 2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త దీన్నుంచి హెచ్-ఇండెక్స్ అనే కొలత తీశాడు. కనీసం 20 సార్లు ప్రస్తావనకొచ్చిన పత్రాలు ఇరవై ఉంటే హెచ్-ఇండెక్స్ 20. ఒకే ఒక్క పత్రం రాసి, దాన్ని పదివేలమంది ప్రస్తావించినా హెచ్-ఇండెక్స్ ఒకటి దాటదు. కథలు రాసేదాన్ని కదా, నాకిది చివుక్కుమంది. ఒక్క కథతో గుర్తుండిపోయినవాళ్లు మనకి లేరూ?

ఇంకో తిరకాసుంది. పొగిడినా సైటేషనే, తిట్టినా సైటేషనే. టీకాకీ ఆటిజానికీ ముడిపెట్టిన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ పత్రం 1998లో వచ్చింది. 2010లో దాన్ని పత్రికవాళ్లే వెనక్కి తీసుకున్నారు. అయినా దానికి వెయ్యికి పైగా సైటేషన్లున్నాయి. చాలామటుకు తప్పుపట్టినవే.

టాక్సికాలజీ, అంటే విషపదార్థాల శాస్త్రంలో ఈ లెక్క మరీ పొసగదు. హెర్బర్ట్ నీడిల్‌మన్ సంగతే చూడండి. ఆయన అమెరికాలో పిల్లల డాక్టరు, మానసిక వైద్యుడు కూడా. పెట్రోలు, రంగుల ద్వారా పిల్లల ఒంట్లోకి చేరే సీసం వాళ్ల బుర్రని ఏంచేస్తోందన్నది ఆయన ప్రశ్న. రక్తంలో సీసం కొన్నాళ్లకి తగ్గిపోతుంది. ఎముకల్లో, పళ్లల్లో మాత్రం తిష్ఠవేస్తుంది. అందుకని బోస్టన్ దగ్గర చెల్సీ, సోమర్‌విల్ ఊళ్లలో ఒకటి, రెండు తరగతుల పిల్లల ఊడిన పాలపళ్లు పోగుచేయించారు. మనమైతే ఇంటికప్పు మీదికి విసిరేస్తాం. ఆయన వాటిలో సీసం కొలిచారు. ఏ పిల్లాడి పంట్లో ఎంతుందో టీచర్లకి తెలియనివ్వకుండా వాళ్ల నడవడి గురించి అడిగారు. పంట్లో సీసం ఎక్కువున్నకొద్దీ పరధ్యానం, చెప్పినమాట అందుకోలేకపోవడం ఎక్కువగా కనిపించాయి. పైకి ఏ జబ్బూ లేని పిల్లలే! బడిలో ధ్యాస పెట్టడంలేదని వాళ్లలో ఎంతమంది దెబ్బలు తిన్నారో.

ఈ పత్రం 1979లో అచ్చయింది. పదకొండేళ్ల తర్వాత ఆ పిల్లల్నే మళ్లీ వెతికి చూస్తే, సీసం ఎక్కువున్నవాళ్లలో హైస్కూలు చదువు మధ్యలో ఆగిపోవడం చాలా ఎక్కువని తేలింది. ఊరుకుంటారా కంపెనీలు! ఒక కోర్టు కేసులో కంపెనీల తరఫున నిపుణులుగా పనిచేసిన ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1991లో ఆయన మీద ఫిర్యాదు చేశారు. పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ విచారణ పెట్టింది. బహిరంగంగా విచారించండని పట్టుబట్టింది నీడిల్‌మనే. లెక్కల్లో కొన్ని లోపాలున్నాయి గానీ మోసం లేదని తేల్చారు. ఆయన్ని తప్పుపట్టిన పత్రాలు కూడా ఆయన ఖాతాలో సైటేషన్లుగానే పడ్డాయి, అది వేరే విషయం.

ఆయన పనిని నేనైతే ఇంకో అంకెతో కొలుస్తాను. పెట్రోల్లో సీసం తగ్గించాక 1970ల చివరి నుంచి 1991 నాటికి అమెరికన్ల రక్తంలో సీసం సగటున 78 శాతం తగ్గిపోయింది. ఇందులో ఆయనొక్కరి కష్టమే లేదు. కానీ ఆయన పత్రం లేకుండా ఇది జరిగేదని చెప్పలేం. మనదేశంలో సీసం పెట్రోలు 2000లో ఆగింది. అల్జీరియా 2021లో ఆపాక ప్రపంచంలో మరెక్కడా వాహనాలకి అమ్మడంలేదు.

ఇదంతా అమెరికా గొడవ అనుకోకండి. 2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోతుంటే, ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. తర్వాత పురుగుమందుల మీదికీ అనుమానం మళ్లింది. పొరుగున బంగ్లాదేశ్‌లో పసుపు నిగనిగలాడాలని సీసం రంగు కలుపుతున్నారని 2019లో పరిశోధకులు బయటపెట్టారు. ప్రభుత్వం బజారుకొచ్చి తనిఖీలు చేసింది, జరిమానాలు వేసింది. 2019లో మార్కెట్ పసుపు నమూనాల్లో దాదాపు సగంలో సీసం దొరికింది. 2021లో ఒక్కదాంట్లోనూ లేదు.