చూడదగింది ఏది?

2025 ఆగస్టులో సోనీలివ్‌లో ‘మయసభ’ వచ్చినప్పుడు ఖాజాగూడ గుట్టల దగ్గరి మన హాస్టల్ గదిలో ఒక్క ఫోన్ చుట్టూ చేరి చూశాం. కృష్ణమనాయుడు, రామిరెడ్డి అని పేర్లు పెట్టినా అవి ఎవరి కథలో ఊహించలేనివారు లేరు. మూడో ఎపిసోడ్‌కే రెండు జట్లయ్యాం. ఒకే కంచంలో తిన్న ఇద్దరు మిత్రులు వారం రోజులు మాట్లాడుకోలేదు.

ఇది కొత్త కాదు. ‘యాత్ర’, ‘మహానాయకుడు’ సినిమాలు 2019 ఎన్నికల ముందు, ‘యాత్ర 2’, ‘రాజధాని ఫైల్స్’ 2024 ఎన్నికల ముందు వచ్చాయి. ఏ అదనులో విత్తాలో తీసేవారికి తెలుసు.

అలాగని రాజకీయం ఉన్నదంతా మానేయమని మేము అనం. మెస్ బియ్యంలో రాళ్లేరినట్టు ఏరుకుందాం. ఎప్పుడు వచ్చింది? ఎదుటి పక్షంవాణ్ణి కూడా మనిషిగా చూపిందా? మనలాంటివాళ్లకు అందులో మాట ఉందా, జెండా మోసే పనేనా? మూడో ప్రశ్నే మాకు ముఖ్యం.

మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. “టీవీలో చూపించారు, నిజమేనా?” అని అమ్మానాన్నలు మమ్మల్నే అడుగుతారు. జవాబు చెప్పాల్సినవాళ్లమే జట్లు కడితే ఎలా? మెస్ ఛార్జీల కోసం కలిసి నిలబడాల్సిన మనం తెరమీది నాయకుల కోసం విడిపోవద్దు.