డెల్టా జీవాలకు గట్టే అడవి

2024 సెప్టెంబరులో రాజమహేంద్రవరం శివారు దివాన్‌చెరువు అడవి దగ్గర చిరుతపులి కనిపించింది. కొన్నాళ్లకు అది కడియం నర్సరీల వైపు వెళ్లింది. బోన్లు పెట్టారు, కెమెరాలు కట్టారు, రాత్రుళ్లు గస్తీ తిరిగారు. జనం ప్రాణాలతో పని కాబట్టి ఆ హడావుడి అవసరమే. కానీ అదే కడియం మొక్కల మడుల మధ్య, అవే కాలవగట్ల మీద ఏళ్ల తరబడి బతుకుతున్న పునుగుపిల్లి, ముంగిస, జంగుపిల్లి, నక్కల మీద ఆ శ్రద్ధలో పదో వంతైనా మనం ఎప్పుడూ పెట్టలేదు. గోదావరి డెల్టా పంటకు రాత్రింబవళ్లు కాపలా కాసేవి అవే.

ఏ జంతువు ఎక్కడ ఉంటుందో తేల్చేది వాతావరణం ఒక్కటే కాదు, దాని వంశ చరిత్ర కూడా. దుర్వాసన చిమ్మి శత్రువును తరిమే స్కంకులు అమెరికా ఖండాల్లోనే ఉంటాయి. వాటి దగ్గరి చుట్టాలు ఇండోనేసియా, ఫిలిప్పీన్స్ వైపు కొన్ని దీవుల్లో మాత్రం మిగిలాయి. మన దేశంలో ఒక్కటీ లేదు. ఇక్కడ వాసనకు పేరుపడిన పునుగుపిల్లిది వేరే వంశం. దాని తైలాన్ని తిరుమల శ్రీవారి సేవలో వాడతారు కనుక పేరు అందరికీ తెలుసు. అది మన చెరకు తోటల్లో, పొదల్లో ఎలుకలను తిని బతికే జంతువన్న సంగతి మాత్రం చాలామందికి పట్టదు.

ఒక చోటి జంతువును తీసుకెళ్లి ఇంకోచోట పెడితే ఏమవుతుందో చెరకు తోటల చరిత్రే చెబుతుంది. 1872లో కలకత్తా నుంచి తొమ్మిది ముంగిసలను జమైకాకు తీసుకెళ్లారు, చెరకు కొరికే ఎలుకల పని పడతాయని. అక్కడి నుంచి ఇతర దీవులకూ తీసుకెళ్లారు. అవి స్థానిక పక్షులను, పాములను, బల్లులను ఊడ్చేశాయి. జపాన్‌లోని అమామి ఒషిమా దీవిలో 1979లో పాముల కోసమని వదిలిన ముంగిసలను పూర్తిగా తొలగించామని ఆ ప్రభుత్వం ప్రకటించగలిగింది 2024లోనే. అంటే ముంగిసకు దాని సొంత నేల మీదే విలువ. ఆ నేల మనది. తీరా ఇక్కడ మనం చేస్తున్నదేమిటి?

డెల్టా వన్యప్రాణుల పటం చూస్తే ప్రధానంగా రెండు చోట్ల రంగు కనిపిస్తుంది. పైన, 2008లో జాతీయ పార్కుగా ప్రకటించిన పాపికొండలు. కింద, సముద్రపు అంచున కోరింగ అభయారణ్యం, 1978 నాటిది, దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. కోరింగ మడ అడవుల్లోని బావురుపిల్లి, నీటికుక్క ఇప్పుడిప్పుడే వార్తల్లోకి వస్తున్నాయి, సంతోషం. మధ్యలో ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా, కొవ్వూరు నుంచి నరసాపురం దాకా ఉన్న నేలంతా ఆ పటంలో తెల్లగానే ఉంటుంది. అది ఖాళీ నేల కాదు. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక అల్లుకున్న కాలవలు, బోదెలు, వాటి గట్లే ఈ చిన్న జంతువులకు అడవి. గట్టు మీది తాడిచెట్టు మొవ్వలో మానుపిల్లి పగలు పడుకుంటుంది. ముళ్లకంపలో ముంగిస పిల్లల్ని పెడుతుంది. లంకల రెల్లుదుబ్బుల్లో నక్కలుంటాయి, వరదొస్తే ఏటిగట్టు ఎక్కుతాయి. గట్టు పోతే వీటికి దిక్కులేదు. అందుకే అభయారణ్యాల సరిహద్దులు గీసి ఊరుకుంటే సరిపోదంటున్నాను.

ఎలుకల సంగతి చూడండి. వరిచేలో అవి చేసే నష్టం చిన్నది కాదు. పొట్టదశలో దుబ్బులు కొరికేస్తే రైతుకు మళ్లీ కోలుకునే గడువుండదు. మార్టేరు వరి పరిశోధన కేంద్రం దశాబ్దాలుగా ఎలుకల నివారణ మీద పనిచేస్తోంది. 96 పాళ్ల నూకలు, రెండు పాళ్ల నూనె, రెండు పాళ్ల బ్రోమోడయోలిన్ మందు కలిపి, పొట్లాలు కట్టి కన్నాల్లో వేయాలన్నది ఊరూరా తెలిసిన లెక్క. కలిసికట్టుగా, ఒకే రోజున, ఊరి ఆయకట్టంతా వేస్తే ఫలితం ఉంటుందన్నదీ నిజమే.

అయితే ఆ మందు తిన్న ఎలుక వెంటనే చావదు. రక్తం గడ్డకట్టే శక్తి పోయి, కొన్ని రోజులు మత్తుగా తిరుగుతుంది. పట్టుకోవడానికి తేలిగ్గా దొరికే ఆ ఎలుకనే గుడ్లగూబ, జంగుపిల్లి, ముంగిస తింటాయి. మందు వాటి కాలేయంలో పేరుకుంటుంది. ఎలుక మూడు వారాలు దాటితే చాలు, మళ్లీ ఈనుతుంది. జంగుపిల్లి అలా కాదు, ఏడాదికి ఒకటి రెండు ఈతలకు మించదు. కాబట్టి మందు దెబ్బ నుంచి ముందు తేరుకునేది ఎలుకే, దాన్ని తినేది కాదు. వచ్చే ఏడు ఇంకాస్త ఎక్కువ మందు కావాల్సి వస్తుంది. ఇది ఖర్చు పెంచే దారి. మందు అసలే వద్దనడం లేదు. ముందు బుట్టలు పెట్టి, కన్నాల్లో పొగబెట్టి, అప్పటికీ తగ్గని చోటే ఎర వేయాలి. పైకొచ్చి చచ్చిన ఎలుకలను ఏరి పాతిపెట్టాలి. ఈ చివరి పని ప్రచారంలో ఎప్పుడూ వెనకబడే ఉంటుంది.

చెరువుల లెక్క వేరు. భీమవరం, ఆకివీడు చుట్టూ వరిచేలు చేపల, రొయ్యల చెరువులయ్యాయి. గట్లను గడ్డిపరక లేకుండా చెక్కేస్తున్నారు. చేపలు తినే నీటికుక్కను రైతు శత్రువుగా చూడటంలో తప్పు పట్టలేను, పోయేది అతని పెట్టుబడి. నష్టానికి పరిహారం లేకుండా చట్టం పేరు చెప్పి బెదిరిస్తే అతను జంతువును చంపి చెరువులోనే పూడ్చేస్తాడు.

చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో కమిటీ, రిజిస్టరు ఉండాలి. అందులో ఊరి గట్ల మీది జంతువులను రాయాలి, రాయించాల్సింది తాడిచెట్టెక్కే గీతకార్మికులతో, ఎలుకబుట్టలు పెట్టేవాళ్లతో. రాజమహేంద్రవరంలోని నన్నయ విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విద్యార్థులు 16, 216 జాతీయ రహదారుల మీద బండ్ల కింద పడి చచ్చిన జంతువులను చోటు, తేదీతో నమోదు చేస్తే ఏ వంతెన దగ్గర అవి దాటుతున్నాయో ఏడాదిలో తేలిపోతుంది. కాలవ పూడిక తీసేటప్పుడు రెండు గట్లనూ ఒకే ఏడాది చెక్కకుండా, ఒకదాన్ని మరుసటి ఏటికి వదలమని జలవనరుల శాఖ ఒక్క ఉత్తర్వు ఇవ్వాలి. ఈ వేసవిలో కాలవలకు నీళ్లు కట్టేసేలోపే ఇవ్వాలి.