పెన్‌డ్రైవ్‌కి ఇజాజత్ ఎందుకు?

మా ఆపా కొడుకు ఈమధ్య పాత ల్యాప్‌టాప్‌లో ఓపెన్‌బీఎస్‌డీ వేసుకున్నాడు. రెండో రోజే సవాల్: "మామూ, పెన్‌డ్రైవ్ పెడితే ఏమీ తెరుచుకోవట్లేదు. విండోస్‌లో దానంతటదే వస్తుంది కదా! ఇంత చిన్న సౌకర్యం కూడా ఎందుకు పెట్టలేదు?"

అప్పటికే ఎవరినో అడిగితే "మాన్యువల్ చదువుకో" అన్నారట. నాకు నచ్చలేదు. దర్వాజా దగ్గర నిలబడి దారి అడిగినవాడి మొహాన నక్షా విసరడం అఖ్లాఖ్ కాదు. సవాల్ సబబైనదే, జవాబూ ఉంది.

పెన్‌డ్రైవ్ పెట్టగానే సిస్టమ్ దాన్ని గుర్తుపడుతుంది. గుర్తుపట్టడం వేరు, లోపలికి రానివ్వడం వేరు. మౌంట్ చేయడమంటే ఆ పెన్‌డ్రైవ్‌లో రాసివున్న లెక్కలను కర్నెల్ చదివి వాటి ప్రకారం నడవడం. ఎవరైనా ఖరాబ్ నియ్యత్‌తో ఆ లెక్కలు తారుమారు చేసివుంటే దెబ్బ నేరుగా కర్నెల్‌కే. అందుకే ఆ ఇజాజత్ ఇచ్చే హక్కు రూట్‌ది. మామూలు యూజర్‌కి ఆ వీలిచ్చే సెట్టింగ్ ఒకటుండేది, దాన్నీ 2016లో వచ్చిన 6.0లో తీసేశారు.

ఇది వట్టి వహమ్ కాదు. 2008లో బయటపడిన కాన్‌ఫికర్ విండోస్ ఆటోరన్‌ని పట్టుకుని పెన్‌డ్రైవ్‌ల మీదా ఊరేగింది. చివరికి 2011లో మైక్రోసాఫ్టే అప్‌డేట్ పంపి పాత విండోస్‌లలో పెన్‌డ్రైవ్ ఆటోరన్ మూయించింది. ఆటోమౌంట్, ఆటోరన్ ఒకటి కావు, ఒప్పుకుంటాను. కానీ స్టక్స్‌నెట్‌కి ఆటోరన్ కూడా అక్కర్లేకపోయింది. ఫోల్డర్ తెరిచి షార్ట్‌కట్ బొమ్మ కనపడితే చాలు, పని ఖతం.

మన ఇళ్లలో ఇంకా దగ్గరి తజ్రిబా ఉంది. పోయినేడాది ఫొటోలు ప్రింట్ చేయించుకొచ్చిన పెన్‌డ్రైవ్‌ని ఇంట్లో విండోస్ కంప్యూటర్‌కి పెడితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లే. మర్హూమ్ అబ్బా తిలావత్ రికార్డింగ్ అందులోనే ఉంది, వేరే కాపీ లేదు. ఆ రెండు రోజులు అమ్మీ సరిగా తినలేదు. వైరస్ ఫైళ్లను చెరపలేదు, దాచిందంతే. దొరికాయి, అల్హమ్దులిల్లాహ్. (కాపీ తీసి పెట్టుకోకపోవడం మాత్రం నా తప్పే.)

ఇంకో ఫాయిదా కూడా ఉంది. చేత్తో ఎక్కించినవాడికి చేత్తో దించాలని గుర్తుంటుంది. దానంతటదే వచ్చినదాన్ని మనం రాత పూర్తయిందో లేదో చూడకుండా పీకేస్తాం.

అయితే ఒక్కడే వాడుకునే ల్యాప్‌టాప్‌లో రోజుకి పదిసార్లు మౌంట్ కమాండ్ కొట్టడం తక్లీఫే. అందులో సవాబేమీ లేదు. దానికోసం హాట్‌ప్లగ్‌డీ సిస్టమ్‌తోపాటే వస్తుంది, కాకపోతే ఆపివుంటుంది. దాన్ని ఆన్ చేసి, డిస్క్ పెట్టినప్పుడు ఏం చేయాలో చిన్న స్క్రిప్ట్ రాసుకోవాలి. నమూనా మాన్యువల్‌లోనే ఉంది. ఈ నాలుగు ముక్కలు మొదట అడిగినప్పుడే చెప్పివుంటే పిల్లవాడి రెండు రోజులు బర్బాద్ అయ్యేవి కావు.

ఆదివారం వాడు స్క్రిప్ట్ రాసుకున్నాడు. లేబుల్ చూసి తనదీ, నానీదీ రెండే మౌంట్ అవుతాయి, అదీ అందులోంచి ఏ ప్రోగ్రామూ నడవకుండా. నాది పెట్టి చూశాను. తెరుచుకోలేదు.