అడగడం అడుక్కోవడం కాదు
(గడప ముందు మాటలు – 7)

మొన్న ఆదివారం రాత్రి పదిన్నరకి నా పాత విద్యార్థి ఒకడు ఫోన్ చేశాడు. డిగ్రీలో నా దగ్గర తెలుగు చదువుకున్నాడు. ఇప్పుడు ముంబైలో ఎంబీఏ ఫైనాన్స్ రెండో ఏడాది. వాళ్ళమ్మ ఇప్పటికీ మిరపకోతలకి పోతుంది. వాడికి ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్‌లో ఉద్యోగం కావాలి. అంటే కంపెనీలు ఒకదాన్నొకటి కొనుక్కునేటప్పుడు, షేర్లు మార్కెట్లోకి తెచ్చేటప్పుడు లెక్కలు కట్టి, సలహా ఇచ్చి, ఫీజు తీసుకునే పని.

"మేడమ్, ఇక్కడ అప్లికేషన్ పెడితే చాలదంట. ముందు బ్యాంకుల్లో పెద్దవాళ్ళతో నెట్‌వర్కింగ్ చేసుకోవాలంట. ఒక మేనేజింగ్ డైరెక్టర్‌కి మెసేజ్ టైప్ చేసి మూడు రోజులైంది. పంపలేకపోతున్నా. అడుక్కున్నట్టుంది మేడమ్" అన్నాడు.

ఆ మాట నాకు కొత్తది కాదు. మా నాయన కూలి డబ్బుల కోసం కామందు అరుగు కింద నిలబడి "అయ్యగారూ" అని పిలిచి గంటలకొద్దీ ఎదురుచూడటం చిన్నప్పుడు చూశాను. అది ఆయన చేసిన పనికి రావాల్సిన కూలి. అయినా అడుక్కున్నట్టే అడగాల్సి వచ్చేది. సెల్‌ఫోన్ మీద మా పిల్లాడి వేలు ఆగిపోయింది సిగ్గుతో కాదు. ఆ అరుగు దగ్గర ఆగిపోయింది.

వాడి క్లాసులోనే ఇంకో అబ్బాయి ఉన్నాడు. వాడికి ఇదంతా నెట్‌వర్కింగ్ అని కూడా తెలీదు. వాళ్ళ బాబాయి స్నేహితుడు ఒక బ్యాంకులో డైరెక్టర్. పెళ్ళిలో కనబడితే "అంకుల్, ఒకసారి మీ ఆఫీసుకి వస్తా" అన్నాడు, అంతే. ఒకడికి చుట్టరికం, ఇంకొకడికి నైపుణ్యం! ఆ నైపుణ్యం లేకపోతే 'కమ్యూనికేషన్ స్కిల్స్ తక్కువ' అంటారు.

ఇది మన దేశంలోనే కాదు. సామాజిక శాస్త్రవేత్త లారెన్ రివెరా అమెరికాలో పెద్ద ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులు, కన్సల్టింగ్ సంస్థలు, లా ఫర్మ్‌ల నియామకాలను దగ్గరగా చూసి 2015లో 'పెడిగ్రీ' అనే పుస్తకం రాశారు. ఎంచుకున్న కొన్ని కాలేజీల బయట చదివి, లోపల తెలిసినవాళ్ళు లేకపోతే ఆ దరఖాస్తు చూసేవాళ్ళే తక్కువ. ఇంటర్వ్యూ చేసేవాళ్ళు తమలాంటి ఇళ్ళలో, తమలాంటి సరదాలతో పెరిగినవాళ్ళకే మొగ్గుతారు. పెడిగ్రీ అంటే వంశం. ఇక్కడ 2007లో అచ్చయిన అధ్యయనం కోసం సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ హెచ్ఆర్ మేనేజర్లతో మాట్లాడితే, మెరిట్ తప్ప ఏమీ చూడమన్నవాళ్ళే 'ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్' ముఖ్యమన్నారు. మన దగ్గర ఆ మాటకి అర్థం ఏంటో ఎవరికీ చెప్పక్కర్లేదు.

బాబాసాహెబ్‌కీ ఈ అనుభవం ఉంది. కొలంబియాలో, లండన్‌లో ఆర్థికశాస్త్రం చదివొచ్చి బొంబాయిలో షేర్ల పెట్టుబడులపై సలహా ఇచ్చే సంస్థ పెట్టారు. ఆయన అంటరానివాడని తెలిశాక ఖాతాదారులు రావడం మానేశారు, సంస్థ మూతపడింది. చదువుకి లోటు లేదు. ఆ చదువుని నమ్మే పరిచయాలే లేవు. కానీ అదే జీవితంలో ఇంకో సంగతి కూడా ఉంది. పై చదువు ఆగిపోయే పరిస్థితిలో ఆయన్ని బరోడా మహారాజు దగ్గరికి తీసుకెళ్ళింది కేళూస్కర్ అనే టీచర్. నెలకి 25 రూపాయల స్కాలర్‌షిప్ అలా వచ్చింది. ఆ పరిచయం అంబేడ్కర్‌ని తగ్గించలేదు కదా!

జాషువా గారి 'గబ్బిలం' చెప్పినప్పుడల్లా నాకు ఇదే తడుతుంది. గుడిలోకి పోనివ్వని మనిషి, పోగలిగిన గబ్బిలంతో శివుడికి కబురు పంపుతాడు. అతను భిక్షమెత్తలేదు. తన సంగతి చెప్పుకున్నాడు.

అందుకే వాడికి ఇలా చెప్పాను. "ఒరేయ్ నాన్నా, ముందు మేనేజింగ్ డైరెక్టర్ దాకా పోకు. మీ కాలేజీ నుంచి రెండేళ్ళ కిందట చేరిన ఎనలిస్ట్‌కి రాయి. ఐదు వాక్యాలు చాలు. ఉద్యోగం అడగొద్దు, పని గురించి అడుగు. వాళ్ళ టీమ్ చేసిన ఒక డీల్ చదివి, అందులో నీకు నిజంగా అర్థంకాని ప్రశ్న ఒకటి పెట్టు. పదిహేను నిమిషాలు టైమ్ అడుగు. మాట్లాడాక, ఇంకెవరితో మాట్లాడితే మంచిదని అడుగు. అలా ఒక్కో మెట్టూ పైకి పో. అదే రోజు థాంక్స్ చెప్పు. జవాబు రాకపోతే వారం తర్వాత ఒక్కసారి గుర్తుచేయి. ఆపైన వదిలెయ్యి, ఇంకొకరికి రాయి. 'డిస్టర్బ్ చేస్తున్నందుకు క్షమించండి' అని మాత్రం మొదలుపెట్టకు."

ఉద్యమ మిత్రులు అడుగుతారు, ఇది వ్యవస్థకి లొంగడం కాదా అని. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ కోసం కొట్లాడాల్సిందే. పరిచయాల మీద నడిచే నియామకాలని మెరిట్ అనొద్దని చెప్పాల్సిందే. కానీ వాడి ప్లేస్‌మెంట్లు మన పోరాటం గెలిచేదాకా ఆగవు. రెండు పనులూ చేద్దాం.

ఇప్పటికే ఆ ఆఫీసుల లోపల ఉన్న మనవాళ్ళకి ఒక మాట. కులం బయటపడుతుందని మీరు భయపడటం నాకు తెలుసు, తప్పు పట్టను. కానీ తెలియని ఊరి పిల్లలు రాసిన మెసేజ్ కనిపిస్తే జవాబివ్వండి. పదిహేను నిమిషాలకి మీ కులం చెప్పక్కర్లేదు.

మావాడు నిన్న ఎనలిస్ట్‌కి మెసేజ్ పంపాడు. ఇది రాసే సమయానికి జవాబు రాలేదు. రెండోది ఇంకొకరికి రాస్తున్నాడు.

జై భీమ్.