కార్మికుని కంచం కూడా సంఘం పనే

కార్మికుడు ఏమి తినవలెను, ఎప్పుడు తినవలెను అన్నది అతని సొంత విషయమనీ, దానితో సంఘానికి నిమిత్తం లేదనీ మనలో పెక్కుమంది భావిస్తున్నారు. వేతన ఒప్పందం, బోనసు, క్వార్టరు, ప్రమోషను సంఘం పనులు. అన్నం ఇంటి పని. ఈ విభజన సరియైనది కాదు. తిండి అలవాటు ఆకాశం నుండి ఊడిపడదు. పనివేళలు, పనిస్థలం, చేతిలోని డబ్బు, దగ్గరలో దొరికే పదార్థం, ఈ నాలుగూ కలిసి మనిషి అలవాటును తయారుచేస్తాయి. వీటిలో మొదటి రెండూ యాజమాన్యం నిర్ణయించేవి, మూడవది మనం బేరమాడి సాధించుకొనేది. కావున కార్మికుని కంచం గురించి ఆలోచించుట సంఘం కర్తవ్యాలలో ఒకటి.

1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా వెలసిన భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 1959 ఫిబ్రవరిలో ప్రారంభమైనది. ఆ కొలిమికి ఇనుప ఖనిజం దల్లీ రాజహరా నుండి రాగా, సున్నపురాయి నందిని గనుల నుండి వచ్చినది. ఉత్తరాంధ్ర జిల్లాల నుండి పనికై వచ్చిన తెలుగువారు చోడి అంబలినీ, చద్దన్నాన్నీ వెంట తెచ్చుకొన్నారు. చుట్టుపట్ల పల్లెల నుండి గనికి వచ్చిన ఛత్తీస్‌గఢ్ రైతుబిడ్డ బోరే బాసి తిని వచ్చాడు. పేర్లు వేరైనా వస్తువు ఒక్కటే: రాత్రి మిగిలిన అన్నం నీటిలో నాని, ఉదయానికి కాస్త పులిసి, ఉప్పుతో, ఉల్లిపాయతో కడుపును చల్లబరచే తిండి. ఎండలో రాయి కొట్టే మనిషికి నీరు, ఉప్పు, బలం ఒకేసారి అందించిన తిండి అది. 2022 మే 1వ తేదీన శ్రామికుల గౌరవార్థం అందరూ బోరే బాసి తినవలెనని నాటి ఛత్తీస్‌గఢ్ ముఖ్యమంత్రి శ్రీ భూపేశ్ బఘేల్ పిలుపునిచ్చారు. మంచిదే. అయితే తక్కిన 364 రోజులూ శ్రామికుడు ఏమి తింటున్నాడన్నది మన ప్రశ్న.

ఉదయం ఆరు గంటల షిఫ్టుకు పోవువాడు ఐదింటికే ఇల్లు వదలుతాడు. కడుపులో పడేది ఒక టీ. పది గంటలకు గేటు వద్ద సమోసా గాని భజియా గాని, దానిపై మరొక టీ. ఆకలిని చంపుటకు నోటిలో ఖైనీయో గుట్కాయో. మూడు గంటలకు ఇల్లు చేరి, పొద్దుటి ఆకలినంతా ఒకేసారి తీర్చుకొని నిద్రపోతాడు. రాత్రి షిఫ్టువాని స్థితి ఇంకనూ కష్టం. తెల్లవారుజామున రెండు గంటలకు దొరికేది నూనెలో వేగినదే. రాత్రివేళ తిన్న దాని వలన రక్తంలో చేరిన చక్కెరను శరీరం పగటివలె సర్దుకొనలేదని వైద్యశాస్త్రం చెప్పుచున్నది. ఇక రాళ్ల పనిలో ఉన్న రేజాల సంగతి. మూత్రశాల లేనిచోట మండుటెండలో కూడా స్త్రీలు నీరు త్రాగుటయే తగ్గించుకొంటారు. దీనిని చెడు అలవాటు అనగలమా? అది లేని సౌకర్యానికి శరీరం చెల్లించే మూల్యం.

భారత వైద్య పరిశోధనా మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్లమందికి మధుమేహం ఉన్నది, వయోజనులలో 35.5 శాతం మందికి రక్తపోటు ఉన్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలు దేశంలోని రోగభారంలో 56.4 శాతం సరికాని ఆహారం వలననేనని అంచనా వేసినవి. మన శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించరాదని ఆ సంస్థ సూచిస్తుండగా, వాస్తవంలో అది 50 నుండి 70 శాతం వరకు ఉన్నది. అంటే కంచంలో అన్నం ఎక్కువ. పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు తక్కువ.

ఇందుకు చరిత్ర ఉన్నది. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన రెండు రూపాయల బియ్యం, 2012లో ఛత్తీస్‌గఢ్ చేసిన ఆహార భద్రతా చట్టం పేదవాని పొయ్యి ఆరిపోకుండా కాపాడినవి. ఆకలిని చూచినవారెవరూ ఆ బియ్యాన్ని చులకన చేయరు. కాని బియ్యం చౌకై, పప్పు ప్రియమైనచోట కంచం తెల్లబడక తప్పదు. దీనికి మన షోకు కూడా తోడైనది. చోళ్లు, సామలు, ఇక్కడివారి కోదో, కుట్కీ బీదల తిండి అనీ, తెల్లని సన్నబియ్యం ఉద్యోగస్థుని హోదా అనీ అనుకొన్నాము. ఊళ్లో తాత తిన్న అంబలి నేడు పట్టణాల అంగళ్లలో ఆరోగ్యాహారమన్న పేరుతో అధిక ధరకు అమ్ముడగుచున్నది.

ఇప్పుడు క్యాంటీను విషయం. కార్మికులకు భోజన సౌకర్యం కల్పించవలెనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1956లోనే సిఫారసు చేసినది. మన 1948 ఫ్యాక్టరీల చట్టం 250 మందికి మించి పనిచేయుచోట క్యాంటీనును నిర్దేశించింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య నియమావళి కాంట్రాక్టు కార్మికులతో సహా 100 మంది ఉన్నచోట క్యాంటీను ఉండవలెనంటున్నది. ఆ నియమావళులపై మనకు అభ్యంతరాలు అనేకం. కాని చేతికందిన నిబంధనను వదలుకొనరాదు. చట్టం గదిని, పొయ్యిని ఇవ్వగలదు. కుండలో ఏమి ఉడకవలెనో క్యాంటీను కమిటీలో కూర్చున్న మన ప్రతినిధి అడగవలెను. అతడు అడుగుచున్నది టీ ధర, సమోసా పరిమాణం. పప్పు పలుచన ఎందుకైనదో, ఒకే నూనె ఎన్నిసార్లు కాగినదో అడిగినవారు అరుదు. శాశ్వత ఉద్యోగి లోపల బల్లవద్ద, కాంట్రాక్టు కార్మికుడు బయట చెట్టుక్రింద తినే పరిస్థితి పలుచోట్ల ఉన్నది. దానిని చూస్తూ ఊరుకొన్న సంఘం ఐక్యత గురించి ఎట్లు మాట్లాడగలదు?

ఇది సంఘాలు చేయగల పనియేనా అని కొందరు సందేహిస్తారు. దల్లీ రాజహరాలో 1977 తర్వాత పోరాడి కూలి పెంచుకొన్న గని కార్మికులు, పెరిగిన కూలి సారా దుకాణాలకు పోవుట గమనించి మద్యవ్యతిరేక కృషిని తమ సంఘం పనిగా చేపట్టారు. 1983లో తమ చందాలతో, తమ శ్రమతో షహీద్ ఆసుపత్రి నెలకొల్పుకొన్నారు. వారి నాయకుడు శంకర్ గుహా నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయిలో హత్యకు గురయ్యారు. ఆయన మార్గంతో ఏకీభవించినా లేకున్నా, కూలి పెంచుటతో పాటు ఆ కూలి మనిషి ఒంటికి పట్టునట్లు చూచుట కూడా సంఘం బాధ్యత అన్న పాఠం అందరికీ చెందుతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడి చెప్పినదీ ఇదే.

అయితే ఒక జాగ్రత్త అవసరం. తిండిపై ఉపన్యాసం నింద కాకూడదు. లావుపాటి తోటివానిని పరిహసించుట, షుగరు ఉన్నవాని డబ్బాలోకి తొంగిచూచి నీతులు చెప్పుట మేలు చేయవు. అన్‌ఫిట్ అంటారన్న భయంతో రోగాన్ని దాచుకొని, కాళ్లకు తిమ్మిరి వచ్చువరకు వైద్యుని వద్దకు పోనివారు మన మధ్యనే ఉన్నారు. ఈ భయం తొలగనిదే ఏ ఆరోగ్య ప్రచారమూ ఫలించదు.

అందుచేత శాఖల ముందు ఈ కోర్కెలను ఉంచుతున్నాము. అరగంట భోజన విరామం కాగితంపై గాక నిజంగా దొరకవలెను. యంత్రం వద్ద బదులు మనిషిని నిలుపవలెను. రాత్రి షిఫ్టులో వేడి భోజనం, పప్పు, కూర, మజ్జిగ లభించవలెను. కాంట్రాక్టు కార్మికునికి అదే గరిటె, అదే ధర వర్తించవలెను. గనులలో నీడ, చల్లని నీరు, స్త్రీలకు మూత్రశాల ఉండవలెను. ఏటా జరుగవలసిన ఉచిత వైద్య పరీక్ష ఫలితం రహస్యంగా ఉండి, ఉద్యోగం తొలగించుటకు సాకు కారాదు.

మన వంతు కూడా కొంత ఉన్నది. షిఫ్టుకు ఖాళీ కడుపుతో పోకుండుట, ఒక ముద్ద అన్నం తగ్గించి ఒక గరిటె పప్పు పెంచుట, నలుగురితో కూర్చుండి నిదానంగా తినుట ఖర్చు లేని పనులు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి డబ్బా కట్టే ఇల్లాలు అందరికంటె చివర, మిగిలినది తినే ఆచారాన్ని మాన్పుట మగవారి చేతిలో ఉన్నది. సగం కుటుంబాన్ని వదలివేసి ఆరోగ్యం సాధ్యం కాదు.

ఎనిమిది గంటల పనికై పోరాడిన తరం శేషించిన గంటలు మనిషి బ్రతుకుటకు అని చెప్పినది. రిటైరైన నాటికి కాలికి పుండు, కంటికి మసక, చేతిలో మందుల చీటీ మాత్రమే మిగిలిన యెడల ఆ గంటలు ఎవరికి దక్కినట్లు? రాబోవు శాఖా సమావేశాలలో క్యాంటీను అంశాన్ని చివరలో గాక మొదట చర్చకు పెట్టవలెనని ప్రతి కార్యదర్శినీ కోరుచున్నాము.