కోడ్‌కు లేని మతం ఇంటర్వ్యూకు ఎందుకు?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి పెట్టే కోడింగ్ పరీక్షలో అభ్యర్థి పేరుతో పనిలేదు. ప్రోగ్రాం సరిగా నడిచిందా అన్నదే లెక్క. రెజ్యూమెల వడపోతలో, చివరి హెచ్.ఆర్. ఇంటర్వ్యూలో మాత్రం మనుషుల నిర్ణయాలూ ఉంటాయి. పరీక్ష నెగ్గిన మన ఆడబిడ్డను "ఆఫీసుకూ హిజాబ్‌తోనే వస్తారా?" అని అడిగితే, ఆ ప్రశ్న ఏ నైపుణ్యాన్ని కొలుస్తుంది?

ఇది మన అపోహ కాదు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ ప్రైవేటు కంపెనీలకు సమాన అర్హతలతో, పేర్లు మాత్రమే మార్చి దరఖాస్తులు పంపి చూశారు. ముస్లిం పేర్లకు పిలుపులు తక్కువగా వచ్చాయని 2007లో వెల్లడించారు. రాజ్యాంగం 16వ అధికరణ ఇచ్చే రక్షణ ప్రభుత్వ కొలువులకే పరిమితం. సచార్ కమిటీ 2006లో సమాన అవకాశాల కమిషన్‌ను సిఫారసు చేసింది. ఆ సిఫారసు కాగితం దాటలేదు.

ప్రతి తిరస్కరణా వివక్షేనని మేము అనడం లేదు. కోడింగ్‌లో తప్పితే మళ్లీ సాధన చేద్దాం. పేరు చూసి, వేషం చూసి తప్పిస్తే మాత్రం మౌనం వద్దు. అడిగిన ప్రశ్నను తేదీతో సహా రాసి పెట్టుకుందాం. ప్రైవేటు కొలువులకూ వర్తించే చట్టం కోరే రోజున మన చేతిలో ఉండవలసిన సాక్ష్యం అదే.